ఏడో నంబరుకు చివరి పిలుపు

మిన్నెసోటాలోని వెస్ట్ నోరాలో గేలెన్ ట్వెట్‌కు తెలియకుండా పొయ్యి మీద పాలు కూడా పొంగేవి కావు. కొంచెం ఎక్కువ చెప్పాననుకుంటే అనుకోండి, చాలా ఎక్కువైతే చెప్పలేదు. అతని వంటింటి బల్ల మీద ఒక స్కానర్ ఉండేది. ఫైరింజన్ల వాళ్ళూ అంబులెన్సుల వాళ్ళూ వైర్‌లెస్‌లో మాట్లాడుకునేదంతా వినిపించే పెట్టె అది. కంట్రోల్ రూమ్ వాళ్ళు దారి తప్పు చెబితే చాలు, ఫైరింజను మలుపు తిరిగే లోపే గేలెన్ ఫోన్ చేసి ఎడమ కాదు కుడి అని దిద్దేవాడు. రోజుకు మూడు ఫోన్లకు తక్కువ లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు అతను ఊరి ఫైర్ స్టేషన్లో జీతం లేని మనిషి, ఏడో నంబరు. ఈ చలికాలం చేపలు పట్టడానికి గడ్డకట్టిన చెరువు మీదికి వెళ్ళి జారిపడ్డాడు. పడ్డ దెబ్బకు మంచు పగిలి చేపలే పైకి వచ్చాయని అతను చెబుతాడు. పగిలింది మోకాలు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఆరు వారాలు కుర్చీ దిగొద్దన్నాడు, ఫైర్ స్టేషన్‌ను ఇక మరిచిపొమ్మన్నాడు.

అలా పని మానుకునేవాడికి అక్కడొక మర్యాద ఉంది. కంట్రోల్ రూమ్ వాళ్ళు జిల్లా అంతా వినేలా అతని నంబరును మూడుసార్లు పిలిచి, చేసిన ఏళ్ళు చెప్పి, సెలవిస్తారు. గేలెన్‌కు ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు. బతుకంతా ఇతరుల మాటలు విన్న మనిషి, తన గురించి జిల్లా మాట్లాడే ఆ ఒక్క నిమిషం వినాలని కూర్చున్నాడు.

సరిగ్గా తొమ్మిది రోజుల ముందు జిల్లా వాళ్ళు పాత వైర్‌లెస్ తీసేసి కొత్తది పెట్టారు. స్కానర్ మూగబోయింది. దానికి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. ఎక్కించే సాఫ్ట్‌వేర్ విండోస్ మీద తప్ప నడవదు. ఇంట్లో ఉన్నది మ్యాక్. చర్చి లాటరీలో గెలిచిన ఆ మ్యాక్‌ను భార్య లవాన్ మొగుడి కంటే శుభ్రంగా తుడుచుకునేది.

గేలెన్ మొదట స్కానర్ మెమరీ కార్డును మ్యాక్‌లోనే పెట్టి ఫైళ్ళు కాపీ చేశాడు. మ్యాక్ ఏ కార్డును ముట్టుకున్నా కంటికి కనబడని తన చిన్న ఫైళ్ళు కొన్ని అందులో వదులుతుంది. స్కానర్ వాటిని కూడా మింగబోయి బిగుసుకుపోయింది. తర్వాత లవాన్ రెండు రోజులు కష్టపడి మ్యాక్ లోపలే విండోస్‌ను కాపురం పెట్టించి, స్కానర్‌ను వైరుతో దానికి తగిలించింది. ప్రోగ్రాం సగం ఎక్కాక స్కానర్ తనంతట తాను ఆగి మళ్ళీ వెలగాలి. వెలిగిన ఆ క్షణంలో మ్యాక్ దాన్ని తన వైపు లాక్కుంది, లోపలి విండోస్ దిక్కులు చూసింది. సగం ప్రోగ్రాంతో స్కానర్ కట్టెలా పడుంది.

"ముప్పై ఎనిమిదేళ్ళు మంటలార్పావు, ఒక వైరు దగ్గర ఏడుస్తావేంటి ముసలోడా" అంది లవాన్. అలా అంటూనే కోటు తగిలించుకుని ధాన్యం గోదాముకు వెళ్ళి, కాటా గదిలో మొక్కజొన్న పొట్టు పేరుకున్న పాత విండోస్ లాప్‌టాప్ పట్టుకొచ్చింది. కీలు నొక్కితే పొట్టు ఎగిరేది. ఆదివారం పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా స్కానర్ గొంతు విప్పింది. గేలెన్ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"వెస్ట్ నోరా ఏడు" అని కొత్త అమ్మాయి గొంతు మూడుసార్లు పిలిచింది. ఆగింది.

"ఏడో నంబరు నుంచి జవాబు లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు మనల్ని కాపాడిన గేలెన్ ట్వెట్ ఇక లేరు. ఆయన ఆత్మకు శాంతి కలగాలి."

లవాన్ చేతిలో కాఫీ కప్పు వంగి కాఫీ చెప్పు మీద కారుతోంది, ఆమెకు తెలియడం లేదు. గేలెన్ తన మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాడు. ఇది మాత్రం కోత కాదు, నిజంగానే చూసుకున్నాడు. కంట్రోల్ రూమ్‌లో చదవడానికి రెండు కాగితాలుంటాయట, పని మానుకున్నవాడికి ఒకటి, పోయినవాడికి ఒకటి. రోజూ ప్రాణం తోడే మనిషి తొమ్మిది రోజులుగా ఫోన్ చేయకపోయేసరికి ఆ అమ్మాయి రెండోదే తీసింది. ఇదంతా తర్వాత తెలిసింది. సొంత స్టేషన్ వాళ్ళు కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయారు.

పక్క ఊళ్ళ వాళ్ళకు అసలు సంగతి తెలియదు. ఒక్కో స్టేషనూ వైర్‌లెస్‌లోకి వచ్చి సెలవు చెప్పసాగింది. లవాన్ ఫోన్ అందుకుని కంట్రోల్ రూమ్ నంబరు నొక్కుతుండగా హోల్మెన్ స్టేషన్ కెప్టెన్ గొంతు వచ్చింది. గేలెన్‌తో పందొమ్మిదేళ్ళుగా మాటల్లేని మనిషి.

"డెయిరీ కాలినప్పుడు పొగలోంచి నన్ను ఈడ్చుకొచ్చింది గేలెనే. నా అంతట నేనే వచ్చానని అందరికీ చెప్పుకున్నాను. వాడు ఒక్కసారి కూడా కాదనలేదు."

గేలెన్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ పొగలో తనెవరో కెప్టెన్ గుర్తుపట్టలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

స్కానర్‌లో కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. లవాన్ చేతిలో ఫోన్ అటువైపు మోగుతోంది.

"పెట్టెయ్" అన్నాడు గేలెన్. "అతను ఇంకా ముగించలేదు."

లవాన్ ఫోన్ పెట్టేసి, స్కానర్ శబ్దం పెంచి, అతని పక్కన కూర్చుంది.