వరస కలుపుకున్న ప్లాసిడ్

ఫ్రాన్సు నుంచి వలసొచ్చినవాళ్ళ ఊరు షెటికాం రేవులో ఇంటిపేరు పట్టుకుని ఎవరినీ వెతకలేం. ఊరంతా కలిపి ఇంటిపేర్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందుకని మనిషి పేరుకి తండ్రి పేరు, దానికి తాత పేరు తగిలించి పిలుస్తారు. ఆ లెక్కన మన ప్లాసిడ్ పూర్తి పేరు 'ప్లాసిడ్ ఆ లూబెన్ ఆ జోజిమ్', 'ఆ' అంటే వాళ్ళ భాషలో ఫలానావాడి కొడుకని. జోజిమ్ కొడుకు లూబెన్, లూబెన్ కొడుకు ప్లాసిడ్. ఇరవయ్యారేళ్ళు బడి బస్సు నడిపాడు. పెళ్ళి కాలేదు. అక్క ఎలోడితో కలిసి తండ్రి కట్టిన ఇంట్లోనే ఉండేవాడు. "వంశచరిత్రంతా నా పేరులోనే ఉందిగా, ఇంకా పుస్తకం దేనికిరా అని ఆ రోజు నోరు మూసుకుని ఉంటే పోయేది" అని తర్వాత తనే చెప్పి నవ్వించేవాడు.

ఆ నోరు జారింది కోఆపరేటివ్ కొట్టులో. పందొమ్మిదివందల డెబ్భై తొమ్మిదో సంవత్సరం, వసంతకాలం. బస్సు తాళాలు అప్పగించి అప్పటికి రెండు నెలలు. కొట్టు చూసుకునే ఒనెజిమ్ మొలాసిస్ పాకం డబ్బా అందిస్తూ, నలుగురికీ వినబడేలా అడిగాడు.

"ఏం ప్లాసిడ్, వారానికి మూడుసార్లు ఎమిలియెన్ ఇంటి మెట్లెక్కుతున్నావట. ఆవిడ పొయ్యి గానీ పాడైందా?"

కొట్టులో ఆరుగురు ఆడవాళ్ళున్నారు. ఆరుగురూ ఒక్కసారిగా పిండి బస్తాల మీద రాసినవి శ్రద్ధగా చదవడం మొదలెట్టారు.

"పూర్వీకుల గురించి," అన్నాడు ప్లాసిడ్. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ మాట, అతనికే తెలీదు. "పుస్తకం రాస్తున్నా. ఫ్రాన్సు నుంచి మొట్టమొదట ఓడ దిగినవాళ్ళ దగ్గర్నుంచి మన దాకా. ఎమిలియెన్ వాళ్ళమ్మకి అవన్నీ నోటికొచ్చేవి కదా, అందుకని."

అప్పటిదాకా అతను జీవితంలో రాసిందల్లా బస్సుకి డీజిల్ పట్టిన తేదీలు.

ఆ అబద్ధానికి అసలు కారణం నలభై ఏళ్ళ నాటిది. ఇరవై రెండేళ్ళ వయసులో చర్చి వాళ్ళ వనభోజనానికి ఎమిలియెన్‌ని నాట్యానికి పిలుద్దామని వెళ్ళాడు. వట్టి చేతులతో ఎలా అడగడమని నిమ్మరసం తేవడానికి వరసలో నిలబడ్డాడు. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆమె సిల్వేర్‌తో నాట్యం చేస్తోంది. రెండు గ్లాసులూ తనే తాగి ఇంటికెళ్ళాడు. మరుసటేడు ఆమె సిల్వేర్‌ని పెళ్ళాడింది. ఆ తర్వాత వాళ్ళ పిల్లలు ముగ్గురినీ బస్సులో బడికి తీసుకెళ్ళాడు. సిల్వేర్ పోయి ఇప్పటికి ఐదేళ్ళు. ఐదేళ్ళుగా ప్లాసిడ్ ఆమె ఇంట్లో కొళాయిలు, కిటికీలు, బాగున్న పొయ్యి కూడా బాగుచేస్తూనే ఉన్నాడు. బాగుచెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు.

అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ ఈ ఊళ్ళో దానికి బండి కట్టి ఊరేగిస్తారు. ఆదివారం పూజ అయ్యేసరికి ఊరంతా తెలిసింది. సోమవారం నుంచి జనం రావడం మొదలెట్టారు: పాత బైబిళ్ళు, పెళ్ళి కాగితాలు, ఎవరివో తెలియని ఫొటోలు, ఒక ముసలమ్మైతే ముత్తాత కట్టుడుపళ్ళు కూడా తెచ్చింది. ఎలోడి తలుపు తీసి తీసి విసిగిపోయింది.

"ఒరే, నీకు సరుకుల చీటీ రాయడమే చేతకాదు. పుస్తకం రాస్తావా నువ్వు?"

"అనేశానక్కా. ఇప్పుడు లేదంటే ఎందుకన్నావని అడుగుతారు."

"ఎందుకన్నావో నాకు తెలీదనుకున్నావా?" అని ఆమె తలుపు వేసుకుంది.

గత్యంతరం లేక ప్లాసిడ్ నిజంగానే పని మొదలెట్టాడు. పాదిరి గారి దగ్గర పాత రిజిస్టర్లు తిరగేశాడు. ఓడ దిగినవాళ్ళు మొదట స్థిరపడ్డ పోర్ట్ రాయల్ వలసలో మూడు వందల ఏళ్ళ కిందటి జనాభా లెక్క నకలు తెప్పించుకున్నాడు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చీటీ రాసి బూట్ల డబ్బాల్లో పెట్టాడు. ఇల్లు చాలక డబ్బాలు పెరట్లో షెడ్డుకి చేరాయి.

వచ్చిన ప్రతివాడికీ గొప్ప పూర్వీకుడే కావాలి. రొయ్యల పడవ మాక్సిం అయితే ఏకంగా నౌకాదళపతిని అడిగాడు.

"మా తాత చెప్పేవాడు ప్లాసిడ్, మా మొదటివాడు కత్తితో దిగాడని."

"దిగాడు. గడ్డి కోసే కత్తితో. ఇదిగో, రాసుంది. గడ్డికోతకి మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చాడు."

"సరిగ్గా చూడు, ఇంకోడెవడైనా ఉన్నాడేమో."

అలా మొహం వేలాడేసుకుని వెళ్ళేవాళ్ళని చూసి ప్లాసిడ్ లోలోపల నవ్వుకునేవాడు. తన వంతు రానంతవరకే ఆ నవ్వు. చివరికి తన చీటీ రాయడానికి కూర్చున్నాడు. ఏ రాజుగారి మనుషులతోనో చుట్టరికం దొరికితే ఎమిలియెన్ ముందు కాస్త తలెత్తుకోవచ్చని అతని ఆశ. జనాభా లెక్కలో అతని మొదటి పూర్వీకుడి పేరు కింద ఇలా ఉంది: వయసు నలభై, భార్య, ఆరుగురు పిల్లలు, పశువులు లేవు, దున్నిన నేల లేదు. చుట్టూ అందరికీ ఆవులున్నాయి, గొర్రెలున్నాయి. ఇతనికి మాత్రం పిల్లలే.

"ఇంత దేశం ఊరికే పడి ఉంటే ఒక్క మేకని సంపాదించలేకపోయాడు మా వాడు," అని ఎమిలియెన్‌కి చెప్పుకున్నాడు. "నా బద్ధకం ఎక్కణ్ణుంచి వచ్చిందో మూడొందల ఏళ్ళకి తెలిసింది."

ఆమె నవ్వింది. వంటింట్లో కిటికీ పక్కన చట్రానికి బిగించిన గోనెగుడ్డ మీద ఊలు దారం కొక్కెంతో లాగుతూ తివాచీ చేసుకుంటోంది. పర్యాటకులు కొనే తివాచీలవి. పొయ్యి మీద ఫ్రికో ఉడుకుతోంది. కోడిమాంసం, బంగాళదుంపలు, పైన పిండి ఉండలు. ఆ వాసనకే ప్లాసిడ్‌కి మరో రెండు తరాల పూర్వీకులు గుర్తొచ్చేవారు.

ఆమె తల్లి చెప్పిన పేర్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. ఫలానా మర్గరీత్‌కి ఇద్దరు మొగుళ్ళు, ఫలానా పియేర్‌ని ఇంగ్లీషువాళ్ళు ఓడెక్కించి వెళ్ళగొడితే తిరిగి తిరిగి ఈ రేవుకొచ్చాడు, అలా చెబుతూ పోయేది. అతను రాసుకుంటూ పోయేవాడు. వేసవి అయింది, ఆకులు రాలాయి. అతను ఇంకా పదిహేడో శతాబ్దం దాటలేదు.

ఒకరోజు ఆమె దారం లాగడం ఆపింది.

"ఏమయ్యా ప్లాసిడ్, నువ్వు పదహారువందల ముప్పై ఆరులో మొదలెట్టావు. ఈ నడకన నా దాకా వచ్చేసరికి నన్ను పూడ్చేసి ఉంటారు."

"వరసగా రావాలి కదా," అన్నాడు అతను, చెవులు ఎర్రబడగా.

అసలు సంగతేమిటంటే అతను ఆమె దాకా ఎప్పుడో వచ్చేశాడు. పుస్తకం అబద్ధమే అయినా ఒక భయం మాత్రం నిజమైంది. ఆ రోజుల్లో చర్చి లెక్కలో బావామరదళ్ళు ఉండరు. నాలుగో తరం దాకా కలిస్తే రక్తబంధువులే, పెళ్ళికి ప్రత్యేకంగా అనుమతి కావాలి. ఇంతమంది పూర్వీకులని తవ్వాక, ఆమెకీ తనకీ మధ్య ఎవడు అడ్డంగా కూర్చున్నాడో చూడకుండా ఉండలేకపోయాడు. ఒక్కడు కాదు, ముగ్గురున్నారు. ఒక చీటీ మీద తన పేరు, ఆమె పేరు రాసి, మూడు గీతలు గీసి, మధ్యలో పెద్ద ప్రశ్నార్థకం పెట్టాడు. కింద ఇలా రాసుకున్నాడు: "మరీ దగ్గరా? పాదిరి గారిని అడగాలి. అంతకన్నా ముందు ఆమెని అడగాలి. ఎప్పుడు, గాడిదా?" ఆ చీటీని అందరి చీటీల మధ్యలో దాచాడు. ఊరి కంటపడకుండా ఉండడానికి అంతకంటే మంచి చోటు ఉండదనుకున్నాడు.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం కొండమీంచి సుయెత్ దిగింది. ఆ గాలికి ఇళ్ళ కప్పులు లేవడం ఊరికి కొత్త కాదు. అందరూ ముందే తాళ్ళు బిగించుకున్నారు. ప్లాసిడ్ కూడా పడవ కట్టాడు, కట్టెల మోపు కట్టాడు, ఎలోడి కోళ్ళగూడు కట్టాడు. షెడ్డు మర్చిపోయాడు.

కప్పు ఒక్క ఊపున లేచి పక్కవాళ్ళ బంగాళదుంపల మడిలో పడింది. ఆ వెనకే మూడు వందల నలభై ఏళ్ళ వంశచరిత్ర మంచుతుంపరలా గాల్లోకి లేచింది. చీటీలు కంచెల మీద, చర్చి మెట్ల మీద, బట్టలారేసే తాళ్ళ మీద వాలాయి. ప్లాసిడ్ చేపల వల పట్టుకుని, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో రోడ్డు మీద పరిగెత్తాడు. వలలో పదకొండు చీటీలు పడ్డాయి, ఒక కోడి పడింది.

ఎలోడి కిటికీలోంచి అరిచింది. "లోపలికి రారా! ఉన్న పూర్వీకులు చాలు, నువ్వు కూడా వాళ్ళలో చేరకు!"

గాలి తగ్గాక ఊరు ఊరంతా చీటీలు ఏరింది. ఏరినవాళ్ళు చదవకుండా ఉంటారా? మాక్సిం పూర్వీకుడి గడ్డికత్తి సంగతి పడవలన్నిటికీ తెలిసిపోయింది. ఒనెజిమ్ ముత్తవ్వ పెళ్ళైన ఐదో నెలకే పిల్లని కన్న చీటీ ఒనెజిమ్ కొట్టు గుమ్మం ముందే దొరికింది. మూడు రోజులు జనం బుట్టలతో, టోపీలతో చీటీలు తెచ్చి ప్లాసిడ్ వంటింటి బల్లమీద పోశారు. తెచ్చినవాళ్ళు తెచ్చినట్టే కూర్చుని, టీ తాగి, పక్కింటివాళ్ళ అవ్వల గురించి మాట్లాడి వెళ్ళారు. ప్లాసిడ్ ప్రతి చీటీని తిప్పి చూశాడు. అతనికి కావలసిందొక్కటే. అది రాలేదు.

సముద్రంలో పడి ఉంటుందని మంగళవారం దాకా ఆశపడ్డాడు. బుధవారం కొట్టుకి వెళ్ళాడు. ఒనెజిమ్ మామూలుగా పంచదార తూచి, పొట్లం కట్టి, చేతిలో పెడుతూ అన్నాడు.

"ఇంకేమైనా కావాలా, గాడిదా?"

కొట్టంతా గొల్లున నవ్వింది. ప్లాసిడ్ పంచదార అక్కడే వదిలేసి వచ్చేశాడు.

ఆ తర్వాత పదకొండు రోజులు ఎమిలియెన్ ఇంటివైపు పోలేదు. మాసిన గడ్డంతో పొయ్యి దగ్గర కూర్చుని, అరవై రెండేళ్ళ మనిషికి సిగ్గుతో చచ్చే అవకాశం ఏపాటి ఉంటుందో ఆలోచించాడు. పూజకి కూడా వెళ్ళలేదు. ఎలోడి రెండు రోజులు ఊరుకుంది, తర్వాత వెక్కిరించింది, చివరికి జాలిపడింది. ఆ జాలి వెక్కిరింతకన్నా బాధగా ఉంది అతనికి.

పన్నెండో రోజు పొద్దున ఎమిలియెన్ తనే వచ్చింది. కోటు విప్పకుండా బల్ల దగ్గర నిలబడి, జేబులోంచి చీటీ తీసి అతని ముందు పెట్టింది. తడిసి ఆరిన కాగితం.

"తాడు మీద ఆరేసిన మా గోనెగుడ్డకి అతుక్కుని దొరికింది. అంతకుముందే నలుగురు చదివి అక్కడ అంటించినట్టున్నారు, వేలిముద్రలున్నాయి."

ఆమె చీటీ మధ్యలో వేలు పెట్టింది.

"ఈ ప్రశ్నార్థకం ఎవరికి పెట్టావు? నాకా, పాదిరి గారికా?"

"నీకే. కానీ ముందు దారి ఉందో లేదో చూసుకుని... మూడు దారుల్లో చుట్టాలం మనం, ఎమిలియెన్. మూడు!"

"నాలుగు," అందామె. "బందీఖానా నుంచి పారిపోయొచ్చిన జోసెఫ్ రెండో పెళ్ళాన్ని వదిలేశావు. మా అమ్మ చెప్పింది నీకు రెండుసార్లు చెప్పాను. రాసుకున్నట్టు తలూపావు. నీ కళ్ళు ఫ్రికో కుండమీదున్నాయి."

"నీకు ముందే తెలుసా?"

"మొదటివారమే లెక్క కట్టాను. సిల్వేర్ నాకు ఐదు దారుల్లో చుట్టం. పాదిరి గారు అనుమతి ఇచ్చారు, పెళ్ళి చేశారు. నీ నాలుగుకి ఇవ్వకపోతారా?"

ఎలోడి గిన్నె తోమడం ఆపి వింటోంది. ప్లాసిడ్ లేచి నిలబడ్డాడు. ఏదో ఒక మంచి మాట అనాలని అతనికి తెలుసు. నలభై ఏళ్ళు ఆ మాటే దాచుకున్నాడు.

"అయితే... జోసెఫ్ రెండో పెళ్ళాం పేరేమిటన్నావు?" అని అడిగాడు.

ఎలోడి చేతిలో గిన్నె జారి పడింది. ఎమిలియెన్ కుర్చీ లాక్కుని కూర్చుని, కోటు గుండీలు విప్పింది.

"ఉర్సుల్," అంది. "రాసుకో. రాసుకున్నాక నన్ను అడగాల్సింది అడుగు. నేను సాయంత్రం దాకా ఉంటాను."

అతను రాసుకున్నాడు. అడిగాడు కూడా. ఎలా అడిగాడో అతనెప్పుడూ చెప్పలేదు. తనని తాను అన్ని విధాలా ఆటపట్టించుకున్న మనిషి ఆ ఒక్క చోట మాత్రం ఆగిపోయేవాడు.

పాదిరి గారు చీటీ చూసి, నాలుగో గీత తనే గీసి, అర్జీ మీద సంతకం చేశారు. "ఈ ఊళ్ళో చుట్టాలకి పెళ్ళి చెయ్యనంటే నాకు శవసంస్కారాలే మిగులుతాయి" అన్నారాయన. ఎనభయ్యో సంవత్సరం జూన్‌లో పెళ్ళైంది. ఎమిలియెన్ ఒకటే షరతు పెట్టింది: తన వంటింట్లోకి ప్లాసిడ్ రావచ్చు, బూట్ల డబ్బాలు రాకూడదు. డబ్బాలు ఎలోడి దగ్గరే ఉన్నాయి. ఆమె రోజూ తిట్టుకుంటూ వాటి దుమ్ము దులిపేది.

అబద్ధంగా పుట్టిన పుస్తకం మరో మూడేళ్ళకి నిజంగానే అచ్చయింది. నూట పన్నెండు పేజీలు. కొన్నవాళ్ళందరూ తమ పేరు వెతుక్కుని, గడ్డికోత సంగతి చదివి, మూసేశారు. ప్లాసిడ్ ప్రతి కుటుంబాన్నీ నాలుగేసిసార్లు దిద్దాడు, తన కుటుంబాన్ని మాత్రం దిద్దలేదు. అది తప్పు పోయే ప్రసక్తే లేదనుకున్నాడు. చివరి పేజీలో ఎమిలియెన్ పుట్టిన సంవత్సరం 1817 అని పడింది. పద్దెనిమిదివందల పదిహేడులో పుట్టి, నూట అరవై మూడేళ్ళకి పెళ్ళికూతురైందన్నమాట. మొదట పట్టుకున్నవాడు ఒనెజిమ్. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, ఆవిడకి అంత వయసని చెప్పకుండా మమ్మల్ని పెళ్ళికి పిలిచావా?"

మిగిలిన కాపీలన్నీ ఎమిలియెన్ ఇంటికి తెచ్చుకుంది. నల్ల సిరా కలంతో ఒక్కొక్క దాంట్లో ఎనిమిదిని తొమ్మిదిగా దిద్దింది. ప్లాసిడ్ పక్కన కూర్చుని, సిరా ఆరేదాకా ఒక్కొక్క పుస్తకాన్ని తెరిచి పట్టుకున్నాడు.