పక్క సీటు మాస్టారు

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవారు. పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి కబుర్లు చెబుతుండేవాడు. "నువ్వెందుకమ్మా భయపడటం, ఇద్దరి తరఫునా నేను భయపడుతున్నాగా," అని నవ్వించేవాడు.

బీపీ ఏళ్ళ తరబడి ఉన్నదే. అది కిడ్నీల మీదికి వెళ్ళిందని తెలిసేసరికే అవి చాలావరకు పాడైపోయాయి. డాక్టరమ్మ మాత్ర మార్చింది. "ఇది కిడ్నీలకీ కాపలా కాస్తుంది. కానీ రక్తపరీక్ష మాత్రం తప్పించకూడదు. ఉప్పు బాగా తగ్గించండి," అంది. ఉప్పు మాట భార్య పట్టుకుంది. పరీక్ష మాట ఆయన రేపు, మాపు అంటూ వదిలేశాడు.

చప్పటి తిండి గొంతు దిగేది కాదు. కంచం ముందు ఆయన మొహం చూడలేక ఆవిడ దుకాణంలో అడిగింది. సోడియం తగ్గించిన ఉప్పు, బీపీ ఉన్నవాళ్ళ కోసమే అంటూ ఓ డబ్బా ఇచ్చారు. దాని మీద ఎర్రటి గుండె బొమ్మ. ఆ పూట ఆయన మారు వడ్డించుకున్నాడు.

కొన్నాళ్ళకి మెట్లెక్కుతుంటే తొడలు బరువెక్కసాగాయి. వయసు మీద పడిందనుకున్నాడు. బీపీ అంకె మాత్రం ముచ్చటగా ఉండేది. అదే ఇద్దర్నీ ఏమార్చింది.

ఆ ఉదయం కారు నేర్చుకుంటున్నది బ్యాంకు ఉద్యోగిని. కూడలి దగ్గర ముందున్న లారీ ఆగిపోయింది. ఆవిడ తడబడింది. మాస్టారు బ్రేకు తొక్కబోయాడు. కాలు కదల్లేదు. తనది కానట్టు అక్కడే పడి ఉంది.

"బ్రేకు తొక్కమ్మా," అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనానికే హడలిపోయి ఆవిడ తొక్కింది. కారు లారీకి జానెడు దూరంలో ఆగింది.

"మీరెందుకు తొక్కలేదండీ?"

"కాలు రావట్లేదమ్మా."

ఆవిడే ఎవరినో సాయం పిలిచి ఆస్పత్రికి చేర్చింది. ఈసీజీ చూడగానే డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఇంజెక్షన్లు, వెంటనే డయాలసిస్. కాస్త కుదుటపడ్డాక, కబురందుకుని వచ్చిన భార్యని అడిగింది: "ఈమధ్య వంటలో ఏమైనా మార్చారా?"

ఆవిడ కొంచెం గర్వంగానే ఉప్పు సంగతి చెప్పింది.

"అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం అమ్మా. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఈ మాత్ర కూడా దాన్ని ఒంట్లోనే నిలబెడుతుంది. రెండూ తోడై కాళ్ళని పట్టేశాయి. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేది."

"అయితే నా చేత్తో నేనే పెట్టానా?"

"మీకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు," అంది డాక్టరమ్మ.

ఆ మాత్ర ఆపి వేరేది ఇస్తే బీపీ మళ్ళీ పైకెక్కింది. చివరికి పాతదే తక్కువ మోతాదులో మొదలుపెట్టి, రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా పెట్టారు. కాళ్ళు తేరుకున్నా పక్క సీటు ఆయనే వదులుకున్నాడు. "నన్నే నేను నమ్మలేను, ఇంకొకరి ప్రాణం ఎలా పట్టుకోను?" అన్నాడు యజమానితో.

ఇప్పుడు పరీక్షకి రక్తం ఇచ్చొచ్చిన రోజు ఇంట్లో మాటలుండవు. నిన్న ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన విని, తలూపి, ఫోన్ పెట్టేశాడు.

"పొటాషియం కొంచెం పెరిగిందట. వెంటనే ఆస్పత్రికి రమ్మంటున్నారు."

 ఆవిడ లోపలికెళ్ళి స్టవ్ కట్టేసి, చెప్పులేసుకుంది.