అడగందే పాడనివ్వని బాబాయి

బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు: అడగడం. సొంత ఇంట్లో కుర్చీ లాక్కోవాలన్నా "కూర్చోనా?" అని పిన్నిని అడుగుతాడు. పిన్ని ఏదో ధ్యాసలో పలక్కపోతే నిలబడే కాఫీ తాగేస్తాడు. తన కళ్లజోళ్ల షాపులో సరేసరి. "మీ ముక్కు మీద పెట్టొచ్చాండీ?" అని అడిగి, జవాబు వచ్చేదాకా జోడు గాల్లోనే పట్టుకుని నిలబడతాడు.

చర్చిలో పాటల బృందాన్ని నడిపే అన్నకూతురికి ఈ సంగతి చిన్నప్పటినుంచీ తెలుసు. అది తన మెడకే చుట్టుకుంటుందని మాత్రం అనుకోలేదు.

మంచం దిగలేనివాళ్ల కోసం చర్చివాళ్లు ఆరాధన వీడియోలు పెట్టేవారు. ఒక ఆదివారం ఎవరి ఆల్బమ్‌లోదో సంగీతం వేసుకుని, దానిమీద పాడి పెట్టారు. సాయంత్రానికల్లా, అనుమతి లేని సంగీతమంటూ సైటువాళ్లు ఆ వీడియోకి శబ్దం తీసేశారు. బృందమంతా గాజుతొట్టిలో చేపల్లా నోళ్లు తెరుస్తూ మూస్తూ కనిపించింది. పాస్టరుగారు బెంబేలెత్తి, "ఇకనుంచి అనుమతుల సంగతి మీరే చూడండి" అని బాబాయికి అప్పగించారు.

బాబాయికి పండగే పండగ. "మాట ఎవరిది? బాణీ ఎవరిది? రికార్డింగు ఎవరిది?" ఈ మూడూ తేలందే కెమెరా మూత తీయడు.

"హాల్లో పాడుకుంటున్నాంగా బాబాయ్!"

"హాల్లో పాడటం వేరు, వీడియోలో పెట్టడం వేరు తల్లీ. పాట కట్టినవాళ్లు సరేనంటే రికార్డు చేసినవాళ్లు సరేనన్నట్టు కాదు."

"వాళ్లు ఫోనెత్తకపోతే?"

"మనమే వాయించుకుందాం. అప్పుడు పాట కట్టినవాళ్లని అడిగితే చాలు."

అలా బృందం చచ్చినట్టు వాయిద్యాలు నేర్చుకుంది. నిజం చెప్పాలంటే పాటలు బాగుపడ్డాయి కూడా.

అసలు గొడవ ఒక ప్రార్థన పాట దగ్గర వచ్చింది. ఇళ్లల్లో ఉన్న పెద్దవాళ్లంతా అదే కావాలన్నారు. పాటల పుస్తకంలో దానికింద 'అజ్ఞాత రచన' అని ఉంది.

"ఎవరిదో తెలీదుగా, పాడేద్దాం!" అంది అన్నకూతురు.

"మనకి తెలియకపోతే మనిషే లేనట్టా?" అన్నాడు బాబాయి.

పాత పాటగాళ్లనందర్నీ పట్టుకుని ఆరా తీశాడు. చివరికి పక్క ఊళ్లో ఒక రిటైరైన సంగీతం టీచరు తేలింది. మాటా, బాణీ రెండూ ఆవిడవే.

"అమ్మా, మీ పాట పాడుకోవచ్చా?" అని ఫోన్లో అడిగాడు.

"దాన్నింకా పాడుతున్నారా బాబూ?" అందావిడ.

ఎప్పటికైనా, ఎన్నిసార్లైనా పాడుకోమని రాసిచ్చింది. ఆదివారం వీడియోలో పాటకింద ఆవిడ పేరు పడింది. హమ్మయ్య, ఒక పని అయిపోయిందనుకుంది అన్నకూతురు.

కొన్నాళ్లకు కళ్లజోడు మర బిగించుకుందామని ఆమె షాపుకెళ్లింది. బాబాయి ఫోన్లో ఉన్నాడు. "అమ్మా, ఈ ఆదివారం మీ పాట పాడుకోవచ్చా?"

ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగి అడిగింది. "ఆవిడ ఎప్పటికీ అని రాసిచ్చారుగా! వారంవారం అడుగుతున్నావా?"

బాబాయి శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. "ఒంటరి మనిషమ్మా. ఎలా ఉన్నారంటే 'బానే ఉన్నా' అని ఫోన్ పెట్టేస్తారు. పాట సంగతి అడిగితే గంటసేపు మాట్లాడతారు."

ఇలాంటి మనిషి తన బాబాయి అయినందుకు అన్నకూతురు దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. తర్వాత మెల్లిగా, "వచ్చేవారం ఫోన్ నేను చేయనా?" అంది.

బాబాయి మొహం వెలిగిపోయింది. ఊరందరినీ అడిగే ఆయన్ని అనుమతి అడిగినవాళ్లు అంతదాకా ఎవరూ లేరు మరి.

వారం తిరగ్గానే అన్నకూతురే ఫోన్ చేసింది. "రెండో చరణం రైలు తప్పిపోతున్నట్టు పరిగెత్తించారేమే?" అంటూ మొదలుపెట్టింది టీచరమ్మ. గమకం దిద్దింది, పాడి వినిపించింది, పాడించుకుంది, పాట పుట్టిన రోజు సంగతులన్నీ చెప్పింది. అన్నకూతురి చెవి వేడెక్కింది, మనసు నిండింది.

"చాలా సంతోషం టీచరుగారూ. మరి ఈ ఆదివారం పాడుకోవచ్చాండీ?"

"అంత తొందరేం?" అందావిడ హుషారుగా. "ఆలోచించుకుని చెబుతాలే. రేపు మళ్లీ ఫోన్ చెయ్యి."