‘పికప్’ అన్న ఒక్క మాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో, వెలిమెల దగ్గర కొత్తగా తెరిచిన ఒక ఆఫీసులో ప్రాంతీయ డేటా ఎడిటర్‌గా చేరాను. ఫుట్‌బాల్ వీడియో గేమ్ తయారుచేసే ఒక విదేశీ సంస్థకు ఇక్కడి ఆటగాళ్ల వివరాలు అందించడం ఆ ఆఫీసు పని. అంతకు ముందు నా సర్వీసంతా ఒక ప్రభుత్వరంగ కర్మాగారం టౌన్‌షిప్ స్కూల్లో ఫిజికల్ డైరెక్టర్‌గా గడిచింది. మా నాన్నగారు ఆ కర్మాగారంలో ఉద్యోగం వచ్చి గుడివాడ వైపు నుంచి ఇక్కడికి చేరారు. నేను ఇక్కడే చదివి, ఇక్కడే పరుగు పందేలు గెలిచి, ఇక్కడే మెడలో విజిల్ వేసుకున్నాను. రిటైరయ్యాక వీడియో గేమ్ ఉద్యోగమేమిటని మా చెల్లెలు నవ్వింది. కొత్త ఆఫీసులో మొదటి వారమంతా నన్ను ఎవరో కుర్రాడికి క్యారేజీ తెచ్చిన అమ్మగారనుకున్నారు. నేనూ సరిదిద్దలేదు, కుర్చీ మర్యాదగా వేసేవారు కనుక.

పని ఏమిటో ముందు చెప్పాలి. ఆ గేమ్‌లో కనబడే ప్రతి ఆటగాడూ బయట నిజంగా ఆడుతున్న మనిషే. అతని ఆటను ముప్ఫైకి పైగా గుణాలుగా విడదీసి, ఒక్కోదానికి వందలోపు అంకె వేస్తారు. దాన్నే రేటింగ్ అంటాం. ఇందులో అంచెలున్నాయి. మైదానానికి వెళ్లి చూసేవాడు స్థానిక రివ్యూయర్. అతను ఫోన్లో చెప్పిన మాట విని ఫైల్లోకి ఎక్కించేది కోఆర్డినేటర్. ఆ మార్పును పరిశీలించి ఆమోదించేది ప్రాంతీయ ఎడిటర్, అంటే నేను. నా పైన హెడ్డాఫీసు. కొన్ని నెలలకోసారి అన్నీ కలిపి విడుదల చేస్తారు. దాన్ని అప్‌డేట్ అంటారు. ఒకసారి అప్‌డేట్ వెళ్లాక తర్వాతి దాని వరకు ఆ అంకెలే లోకానికి తెలిసిన అంకెలు.

జనం ఎక్కువగా పొరబడేది వేగం దగ్గర. గేమ్ ఆడే పిల్లలు పైన కనబడే ‘పేస్’ అన్న ఒక్క అంకె చూసి సరిపెట్టుకుంటారు. దాని లోపల రెండున్నాయి. స్ప్రింట్ స్పీడ్ అంటే పూర్తి ఊపులో ఉన్న మనిషి ఎంత వేగంగా పోగలడన్నది. యాక్సిలరేషన్ అంటే నిలబడ్డ చోటు నుంచి ఎంత త్వరగా ఆ ఊపు అందుకుంటాడన్నది. రెండూ ఒకే మనిషిలో సమానంగా ఉండాలని లేదు. బంతి కాలికి తగలగానే మొదటి నాలుగడుగుల్లో డిఫెండర్‌ను వదిలించుకునేవాడికి యాక్సిలరేషన్ ఎక్కువ. ఖాళీ మైదానంలో వెనక నుంచి తరిమి పట్టుకునేవాడికి స్పీడ్ ఎక్కువ. అంచు వెంట ఆడే వింగర్‌కు యాక్సిలరేషన్ లేకపోతే స్పీడ్ ఉండీ పెద్ద ప్రయోజనం లేదు, ఎందుకంటే అతనికి పరిగెత్తే జాగా దొరకనివ్వరు. ఇక ఎనభై నాలుగు అంటే గంటకు ఎనభై నాలుగు కిలోమీటర్లు కాదు. ఈ ప్రశ్న నన్ను బాగా చదువుకున్నవాళ్లే అడిగారు. అది స్టాప్‌వాచ్ చెప్పే లెక్క కాదు, ఒకరితో ఒకరిని పోల్చి వేసే అంకె.

నేను వయసులో వంద మీటర్లు పరిగెత్తినదాన్ని. పందెం చివర కాదు, లేచేటప్పుడే సగం తేలిపోతుందని నా కాళ్లకు తెలుసు. అందుకే యాక్సిలరేషన్ అంకెలు నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగేవి. హెడ్డాఫీసు వాళ్లకు అది కొంచెం విసుగు కూడా.

చేరిన రెండో ఏడాది సాయిలు మా ఆఫీసుకు వచ్చాడు. కర్దనూర్ వాడు. చిన్నప్పుడు మా టౌన్‌షిప్ గ్రౌండ్‌లో వేసవి శిబిరానికి వచ్చేవాడు, తర్వాత రెండో అంచె లీగ్‌లో వింగర్‌గా నాలుగైదు సీజన్లు ఆడాడు. పాత క్లబ్బుతో ఒప్పందం ముగిసింది. వేరే రాష్ట్రంలో ఒక కొత్త క్లబ్బు ఆటగాళ్లను వెతుకుతోంది. దాని యజమాని మా గేమ్ ఫైలును ముందేసుకుని పేర్లు ఏరుకుంటున్నాడట. వినడానికి వింతగా ఉంటుంది కానీ చిన్న క్లబ్బుల్లో ఇది జరిగేదే. అందరి మ్యాచ్‌లూ చూసేంత మనుషులు వాళ్ల దగ్గర ఉండరు. సాయిలును ట్రయల్స్‌కు పిలవలేదు. కారణం అడిగితే బంతి మీద పట్టు తక్కువని గేమ్‌లో ఉందన్నారట.

నేను ఫైలు తీసి చూశాను. నిజమే. అంతకు ముందు డెబ్బై రెండున్న బాల్ కంట్రోల్ గత అప్‌డేట్‌లో అరవై ఒకటికి పడిపోయింది. యాక్సిలరేషన్ మాత్రం ఎనభై నాలుగు దగ్గర చెక్కుచెదరలేదు.

“నేను ఉరుకుతనో లేదో ఎవలన్న ఏమన్న అనుకోని మేడం. గని బంతి నా కాడ ఆగదంటే ఎట్ల ఒప్పుకుంట?” అన్నాడు సాయిలు. ఆ మొదటి మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

తెలిసిన మనిషి విషయం అయితే ముందుగా పైవాళ్లకు చెప్పాలన్నది నియమం. చెప్పాను. మీరే చూడండి, కానీ రుజువుతో రాయండి అన్నారు. ఆ మార్పు నేను సెలవులో ఉండగా మరో ఊరి ఎడిటర్ ఆమోదంతో వెళ్లింది. రివ్యూయర్‌తో కోఆర్డినేటర్ మాట్లాడిన ఫోన్ రికార్డింగ్ తెప్పించి విన్నాను.

రివ్యూయర్ యాదగిరి. ముత్తంగి జంక్షన్ దగ్గర మోటార్‌సైకిల్ విడిభాగాల దుకాణం నడుపుతాడు, ఆదివారం మ్యాచ్ ఒక్కటీ వదలడు. కోఆర్డినేటర్ కోల్‌కతా అమ్మాయి, తెలుగు రాదు. యాదగిరి ఆమెతో మన వైపు హిందీలో, “సాయిలు కా పికప్ కమ్ హో గయా, స్పీడ్ వైసాచ్ హై” అన్నాడు. పికప్ తగ్గింది, స్పీడ్ అలాగే ఉంది. మన దగ్గర బండి తోలే ఎవరినడిగినా చెబుతారు, పికప్ అంటే గేరు వేయగానే బండి లాగే లాగుడు. అచ్చంగా యాక్సిలరేషన్. ఆ అమ్మాయికి బండ్ల గొడవ తెలియదు. ‘బాల్ పికప్?’ అని ఆమె అడిగింది. “హా, బాల్ మిలే తో పికప్‌చ్ నై,” బంతి దొరికితే పికప్పే లేదు, అన్నాడు యాదగిరి. దాంతో ఆమె బంతి అందుకోవడం బాగా లేదని అర్థం చేసుకుని బాల్ కంట్రోల్ తగ్గించింది.

యాదగిరికి ఫోన్ చేస్తే ఒంటికాలి మీద లేచాడు. “పికప్ అంటే ఇంగ్లీషే గద మేడం. ఆ పొల్లకు ఇంగ్లీషు రాకపోతే నేనేం జేస్త?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక నవ్వు ఆగిపోయింది. తప్పు దొరికిందన్న సంతోషంలో నేను చూడని సంగతి అప్పుడు తట్టింది. బాల్ కంట్రోల్ తగ్గించడం తప్పు అయితే, తగ్గాల్సింది యాక్సిలరేషన్. సాయిలుకు ఇంకా మిగిలి ఉన్న ఒకే ఒక పెద్ద అంకె అది.

రికార్డింగ్ ఒక్కటే రుజువు కాదు, యాదగిరి చూపు కూడా తప్పు కావచ్చు. అలా కావాలనే కోరుకుంటూ పటాన్‌చెరులో సాయిలు ప్రాక్టీసు మ్యాచ్‌కు వెళ్లాను. యాక్సిలరేషన్ చూడాలంటే బంతిని చూడకూడదు. ఆటగాడు నిలబడి ఉన్న క్షణం నుంచి అతని మడమలు చూడాలి. మొదటి సగంలో నాకేమీ దొరకలేదు, ఎందుకంటే సాయిలు నిలబడనే లేదు. పాస్ రాకముందే నెమ్మదిగా కదులుతూ ఉండేవాడు. బంతి వచ్చేసరికి ఊపులో ఉండేవాడు. చూసేవాళ్లకు అది చురుకుదనం. రెండో సగంలో రెండుసార్లు ఆగి లేవాల్సి వచ్చింది. రెండుసార్లూ ఎడమ కాలితో నేలను తన్నకుండా కుడి కాలి మీదే లేచాడు. డిఫెండర్ ముందుకు వచ్చేశాడు. బంతి మాత్రం ఎంత గట్టి పాస్ అయినా అతని పాదం దగ్గర బుద్ధిగా ఆగింది. అతను అడిగింది నిజమే. యాదగిరి చెప్పిందీ నిజమే.

మ్యాచ్ అయ్యాక పక్కకు పిలిచి మోకాలి సంగతి అడిగాను.

“జెర పట్టేస్తది మేడం, గంతే. పోయిన సీజన్ల తిరిగింది. ఇంట్ల లావణ్యకు గూడ చెప్పలే,” అన్నాడు. లావణ్య అతని భార్య, మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. కాలు చూపించుకుంటే ఆడొద్దంటారని, ఆడకపోతే ఈ కొత్త క్లబ్బు అవకాశం పోతుందని, ఇది పోతే తన వయసులో ఇంకో క్లబ్బు పిలవదని వరసగా చెప్పాడు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

ఫోన్లో జరిగిన పొరపాటు అతనికి వివరంగా చెప్పాను. సరిచేస్తే రెండూ సరిచేయాలని, ఒక చేత్తో బాల్ కంట్రోల్ ఇచ్చి రెండో చేత్తో యాక్సిలరేషన్ తీసుకోవాల్సి వస్తుందని చెప్పాను. అతను నా మొహం వైపు చూడలేదు.

“అయితే ఇడిసిపెట్టుండ్రి మేడం. నేను మీ ఆఫీసుకు రానే రాలేదనుకోండ్రి,” అన్నాడు.

నేను నియమం చెప్పాను. పొరపాటు తెలిశాక ఎడిటర్ దాన్ని ఫైల్లో వదిలేయడానికి లేదు. అతను ఇంకో దారి అడిగాడు. బాల్ కంట్రోల్ ఒక్కటి ఇప్పుడు సరిచేసి, రెండోది తర్వాతి అప్‌డేట్‌కు ఉంచమన్నాడు. ట్రయల్స్ అప్పటికి అయిపోతాయి. ఒక్కసారి లోపలికి వెళ్తే తన ఆట తను చూపించుకుంటాడు.

ఆ మాట నన్ను నిజంగానే ఊపింది. ఎవరూ పట్టుకోలేరు. యాక్సిలరేషన్‌కు ఇంకా మ్యాచ్‌లు చూడాలి అని ఒక వాక్యం రాస్తే హెడ్డాఫీసు ప్రశ్న కూడా వేయదు. పైగా వాడు మా గ్రౌండ్‌లో చెప్పుల్లేకుండా ఆడినవాడు, నాకు ఇష్టమైనవాడు. రెండు రోజులు ఆ ఫైలు తెరిచి మూసి, తెరిచి మూసి గడిపాను. కానీ క్లబ్బు అతణ్ని పిలిచేది వింగర్‌గా. అక్కడ ఆగి లేవడమే పని. ఆ మోకాలితో రోజూ అదే పని చేయడానికి నా అంకె అనుమతి చీటీ అవుతుంది. ఎంత లాభం వచ్చినా ఆ చీటీ నా చేత్తో ఇవ్వకూడదనిపించింది. బాల్ కంట్రోల్ తిరిగి డెబ్బై రెండు, యాక్సిలరేషన్ అరవై ఆరు అని పంపాను. పంపే ముందు సాయిలుకు ఫోన్ చేసి చెప్పాను. వెనక నుంచి తెలియడం అతనికి ఇంకా అవమానం.

“నా బంతి నాకియ్యుండ్రని వొస్తె, నా కాలు గుంజుకున్నరు మేడం,” అని పెట్టేశాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడవడం నాకు అలవాటు లేదు, కాబట్టి వెళ్లి కాసేపు కారిడార్లో నిలబడి వచ్చాను. ఆ క్లబ్బు సాయిలును పిలవలేదు.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. లావణ్య తమ్ముడు మా గేమ్ ఆడతాడు. అప్‌డేట్ రాగానే, బావ యాక్సిలరేషన్ గింత పడ్డదేందని అక్క ముందే అడిగాడట. గేమ్ సంగతి లావణ్యకు తెలియదు, కానీ అంకె అంత ఒక్కసారిగా పడితే వెనక ఏదో ఉంటుందని తెలుసు. ఆమె నిలదీసి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. మోకాలి లోపలి లిగమెంట్ పాత గాయంతోనే చాలావరకు తెగి ఉంది. అలాగే ఆడితే మడత కూడా పడని స్థితికి వచ్చేదన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయింది. సాయిలు మళ్లీ లీగ్ ఆడలేదు. ముత్తంగి వైపు ఒక గోదాములో సూపర్‌వైజర్‌గా చేరాడు, ఆదివారాలు కంపెనీల మధ్య జరిగే మ్యాచ్‌ల్లో మధ్యలో నిలబడి పాస్‌లు ఇస్తాడు.

ఏడాది దాటాక పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర కనిపించి తనే పలకరించాడు. కాలు బాగుందన్నాడు, టీ తాగుదామన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక నెమ్మదిగా, “మీరు రాసింది కరెక్టే మేడం. గప్పుడు మీ మీద మస్తు కోపమొచ్చింది. ఇప్పుడు పోయిందని మాత్రం చెప్ప,” అన్నాడు. నేను క్షమించమని అడగలేదు, అతను క్షమిస్తానని అనలేదు. టీ డబ్బులు అతనే ఇచ్చాడు.

ఆ ఉద్యోగం నుంచి కూడా నేను ఇప్పుడు రిటైరయ్యాను. కాలు బాగైంది కాబట్టి నేను చేసింది ఒప్పని నేను చెప్పను. కాలికి ఏమీ కాకపోయినా అదే అంకె పంపేదాన్ని, అప్పుడు అతని కోపానికి జవాబు కూడా ఉండేది కాదు. ఆ ఘటన తర్వాత రెండు మార్పులు చేశాను. రివ్యూయర్లతో మాట్లాడే కోఆర్డినేటర్లకు ఇచ్చే పదాల పట్టికలో పికప్ అన్న మాటను యాక్సిలరేషన్ ఎదురుగా చేర్పించాను. రెండోది నా బల్ల దగ్గరి పద్ధతి. తన అంకె తప్పని ఏ ఆటగాడు వచ్చినా, ఏది తప్పని అడిగే ముందు అతనికొక మాట చెప్పేదాన్ని: ఫైలు తెరిస్తే ఒక్క అంకె చూడను, అన్నీ చూస్తాను, తెరవమంటావా అని. కొంతమంది ఆలోచించి లేచి వెళ్లిపోయేవారు. వాళ్లను నేను వెనక్కి పిలవలేదు.