గెలకి చిల్లర పేరు

ఒక్క మాటతో ఊరందరి నోళ్లూ మూయించి, మా పెదనాన్నగారిని నిక్షేపంగా ఉండగానే ఆఖరి పనులు చక్కబెట్టుకోడానికి గోదావరి దాటించిన ఘనత నాది. ఇప్పటికీ మా మామిడికుదురు వైపు ఏ పెళ్లిలోనన్నా నేను కనబడితే పెద్దవాళ్లు ముందు గట్టిగా ఒకసారి గాలి పీల్చుకుని, ఆ తర్వాతే పలకరిస్తారు. ఎందుకో చెప్తాను, వినండి. నవ్వుకోడానికి నాకేం అభ్యంతరం లేదు. ఒంటరిగా కూర్చుని చదువుతుంటే మాత్రం మీ ఫోను కాస్త దూరంగా పెట్టుకోండి.

మా ఊళ్లో కొబ్బరి రైతులందరూ కలిసి ఒక నూనె మిల్లు పెట్టుకున్నారు. ఆ సంఘానికి ప్రెసిడెంటు మా పెదనాన్న, రిటైరైన హెడ్మాస్టరు యాకోబుగారు. నేను అప్పుడే ఇంజనీరింగు అయ్యి, ఒక హైదరాబాదు కంపెనీకి ఇంటి దగ్గర్నుంచే పనిచేస్తున్నాను. నాకు తెలియని విషయం లోకంలో ఇంకా పుట్టలేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే సంఘానికి ఒక డిజిటల్ నాణెం తయారుచేసి పెట్టేను. అది సంఘం లోపలే చెల్లుతుంది. మిల్లుకి కొబ్బరి తోలితే మీ ఫోన్లో నాణెం పడుతుంది. నూనెకీ, పిండి మరకీ, మిల్లు పక్కన టీకొట్టుకీ మళ్లీ ఆ నాణెమే. దానికి 'గెల' అని పేరు పెట్టేం. పేరు అందరికీ నచ్చింది. చిక్కల్లా గెల మరీ పెద్దదైపోవడంలోనే వచ్చింది. ఒక గెల సంపాదించాలంటే ట్రాక్టరుడు కొబ్బరి తోలాలి. ఇంక టీ తాగితే ఫోన్లో ఏం కనబడుతుంది? సున్నా, చుక్క, వరసగా సున్నాలు, చివర్లో ఎక్కడో బిక్కుబిక్కుమంటూ ఒక రెండు.

టీకొట్టు సువార్తమ్మగారు ఒకరోజు ఫోను తెచ్చి నా ముందు పెట్టేరు.

"ప్రసన్నమ్మా, పొద్దుట్నుంచీ ఊరందరికీ టీలు పోసేను. ఇందులో చూస్తే అన్నీ సున్నాలే. నేను పోసింది టీయేనా, వేణ్ణీళ్లా?"

అందుకని సంఘం మీటింగు పెట్టేం. గెలకి చిల్లర కావాలి. రోజువారీ లెక్క ఫోన్లో దేనిలో చూపించాలి, దాన్ని ఏమని పిలవాలి అన్నది ఆనాటి చర్చ. పెదనాన్న రాలేదు. ఆయనకి గుండెలో స్టెంటు వేస్తే కాకినాడ ఆసుపత్రిలో ఉన్నారు. వచ్చిన నలుగురైదుగురిలో ఒకాయన 'ముక్క' అన్నారు, ఇంకొకాయన 'చిప్ప' అన్నారు.

"చిప్పేమిటండీ," అన్నాను నేను. "డిజిటల్ నాణెం అని చెప్పుకుంటూ ఊరందరం చిప్పలు పట్టుకుని తిరుగుదామా?"

అందరూ నవ్వేరు. ఆ నవ్వు నా తలకెక్కింది. లేచి నిలబడి, గొంతు సవరించుకుని చెప్పేను. "కోనసీమకి కొబ్బరే కదండీ ఊపిరి. గెలకి పదివేల ఊపిర్లు. చిల్లర పేరు ఊపిరి అందాం."

ఎవరూ మాట్లాడలేదు. అది నా కవిత్వానికి ముగ్ధులైపోవడం అనుకున్నాను.

సువార్తమ్మగారొక్కరే అడిగేరు. "మరి టీకి రెండూపిర్లు తియ్యాలంటే వినడానికి బాగుంటుందామ్మా?"

"అలవాటైపోతుందండి," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కళ్లు సరిగ్గా ఆనని పెద్దవాళ్ల కోసం, లెక్క మారినప్పుడల్లా ఫోను పైకి చదివేలా చేసేను. గొంతు నాదే. అప్పుడు నాకు జలుబు. పెద్దవాళ్లకి అర్థమవ్వాలని ఆ జలుబు గొంతుని బాగా నెమ్మది చేసేను. పక్కవాళ్లకి ఇబ్బంది ఉండకూడదని సన్నగా, గుసగుసలా కూడా చేసేను. అన్నీ మంచి ఉద్దేశాలేనండి. అన్నీ కలిపాక అది నా గొంతులా లేదు. అసలు మనిషి గొంతులానే లేదు.

ఇంకొకటుంది. కంప్యూటరు అద్దె కోసం ప్రతివాళ్ల ఖాతాలోంచీ గంటగంటకీ నలుసంత కోసుకునేలా మొదట్లోనే రాసిపెట్టి, ఆ సంగతే మర్చిపోయేను. గెలల్లో చూపించినన్నాళ్లూ ఆ నలుసు సున్నాల వెనకాల ఎక్కడో పోయేది, ఎవరికీ కనబడేది కాదు. చిల్లరలోకి మార్చేసరికి ఆ నలుసు సరిగ్గా ఒక ఊపిరి అయి కూర్చుంది.

కొత్త లెక్క మొదలైన రోజే నాకు ఆఫీసు నుంచి పిలుపొస్తే హైదరాబాదు వెళ్లిపోయేను.

తిరిగొచ్చింది ఒక చలికాలం పొద్దున్న. బస్సు దిగేసరికి ఊరంతా మంచు. కొబ్బరిచెట్ల మొదళ్లు కనబడుతున్నాయి గానీ తలలు లేవు. మిల్లు చప్పుడు లేదు, పిండి మర చప్పుడు లేదు. సువార్తమ్మగారి కొట్టు దగ్గర నలుగురు కూర్చునున్నారు, ఎవరి నోట్లోంచీ మాట లేదు. మా ఊళ్లో టీకొట్టు దగ్గర మాట లేకపోవడం అంటే గోదావరిలో నీళ్లు లేకపోవడమే.

"బాగున్నారాండీ?" అన్నాను.

నలుగురూ ఒకేసారి నెమ్మదిగా తలలూపేరు. ఆ ఊపడం కూడా ఆచితూచి ఖర్చుపెడుతున్నట్టుంది. సువార్తమ్మగారు నోటి మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో మా పెదనాన్నగారి ఇంటివైపు చూపించేరు. నా చేతిలో బ్యాగు ఒక్కసారి బరువెక్కినట్టనిపించింది. ఆ ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉన్నారు మరి. పరుగెత్తేను.

మా పెద్దమ్మ వీధరుగు మీద ఒక్కతే కూర్చునుంది. నన్ను చూసి ఏడవలేదు, లేవలేదు. "వచ్చేవా," అంది చిన్నగా. "ఎసరు మరుగుతోంది. బియ్యం తీసి పొయ్యమ్మా. నేను ఆ డ్రమ్ము ముట్టుకోను."

ఎందుకు ముట్టుకోవని అడగాల్సింది. అడగలేదు. సామాన్ల గదిలో వెలుతురు లేదు. డ్రమ్ము మూత తీసి, వంగి, డబ్బా బియ్యంలోకి దించేను. అప్పుడు ఆ బియ్యంలోంచి, బాగా అడుగునుంచి, నేల కింద ఎవరో మూలుగుతున్నట్టు వినిపించింది.

"మీ... ఊపిరి... ఒకటి... తగ్గింది."

డబ్బా ఎక్కడ పడిందో నాకు తెలియదు. నేను మటుకు అరుగు మీద పెద్దమ్మ ఒళ్లో తేలేను. నా గొంతుకే నేను అంతలా దడుచుకున్నానంటే, అది ఎవరి గొంతో తెలియకుండా విన్నవాళ్ల సంగతేమిటో మీరే ఊహించుకోండి.

"విన్నావా?" అంది పెద్దమ్మ. "అది నా ఫోనే. వినబడకుండా అడుక్కంటా పాతిపెట్టేను. అయినా మానట్లేదు."

"పెద్దమ్మా, అది ఊపిరి కాదు. నాణెం."

"సువార్తమ్మ కూడా అదే అంది. కానీ నాణెమైతే ఎవరో ఒకరు ఖర్చుపెట్టాలి కదా? టీ తాగలేదు, నూనె కొనలేదు, ఫోను ముట్టుకోలేదు. ఊరికే పడుంటే ఎలా తగ్గుతుంది? మొన్న ప్రార్థనలో పాస్టరుగారు కాసేపు మౌనంగా ఉందామన్నారు. అందరి సంచుల్లోంచీ ఒక్కసారే అదే మాట. ఆ తర్వాత ఎవరూ ఆమేన్ కూడా అనలేదు. వెనకవీధి సత్యంగారి ఫోనైతే ఇంక ఊపిర్లు లేవు అని చెప్పేసింది."

"అయ్యో. ఆయనకేమైంది?"

"ఏం కాలేదు. అదే ఆయన బెంగ. బతికున్నాడో లేదో ఎవరినడగాలో తెలియక మెట్ల మీదే కూర్చుంటున్నాడు."

"ఇదంతా మీరు నమ్మేరా?"

"ఎవరం నమ్మలేదమ్మా. నమ్మకపోయినా తగ్గుతోంది కదా."

"మరి నాకొక ఫోను చెయ్యొచ్చుగా."

"ఆ ఫోనే కదా పట్టుకోవాలి."

పెదనాన్న ఎక్కడని అడిగేను. ఆసుపత్రివాళ్లు ఆయన చేతికి గుండె కొట్టుకోవడం చూసే గడియారం ఒకటి పెట్టి, దాన్ని ఫోనుకి కలిపేరట. ఆయన ఇంటికి వచ్చిన రోజునుంచీ జేబులో ఫోను లెక్క చెప్తూనే ఉంది. అది గడియారం చెప్పే డాక్టరు మాటే అనుకున్నారాయన. బయల్దేరేదాకా ఎవరితోనూ అనలేదు. ఈ పొద్దున్నే చర్చికి వేసుకునే తెల్లబట్టలు వేసుకుని, నరసాపురం జోసెఫు దగ్గరికి వెళ్లొస్తానని బయల్దేరేరు.

అది విని నిజంగానే నా ఊపిరి తగ్గింది. జోసెఫు మావయ్య మా పెద్దమ్మకి తమ్ముడు. బావాబావమరుదులిద్దరూ ఒకప్పుడు జంటగా పాడేవారు. ఒక పెళ్లిలో మావయ్య మైకు ముందు, అందరూ వింటుండగా, "మా బావ శ్రుతి తప్పేడండీ" అన్నాడు. అంతే, ఆ తర్వాత వాళ్ల మధ్య మాటల్లేవు. నేను అప్పుడు పలక పట్టుకుని బడికెళ్లే పిల్లని. అప్పట్నుంచీ పెద్దమ్మ పుట్టింటికి ఒక్కతే వెళ్లి, ఒక్కతే వచ్చేది.

లాప్‌టాపు తీసి ఆ గొంతు ఆపేసి వెళ్లొచ్చుగా అని మీరు అడుగుతారు. అడగండి. నాకా ఆలోచనే రాలేదు. ఆటో మాట్లాడుకుని సఖినేటిపల్లి రేవుకి పరుగెత్తేను. గోదావరి దాటించే పంటు, అదే మోటారు బల్లకట్టు, కదలబోతుంటే దూకి ఎక్కేను.

మంచులో అవతలి ఒడ్డు లేదు. కాసేపటికి ఇవతలి ఒడ్డూ పోయింది. పంటు మీద కొబ్బరికాయల బస్తాలు, మోటారుసైకిళ్లు, పదిమంది జనం. ఒక మూల బల్ల మీద పెదనాన్న నిటారుగా కూర్చునున్నారు, తెల్లటి బట్టల్లో, ఇంచుమించు ఆ మంచులో కలిసిపోయి. నేను పక్కన చేరేను.

"పెదనాన్నా."

ఆయన చెయ్యెత్తి ఆపేరు. బళ్లో ఒక వాక్యానికి పది వాక్యాల వివరణ ఇచ్చే మనిషి, టెలిగ్రాం కొడుతున్నట్టు మాట్లాడేరు. "జోసెఫు. చూడాలి. అంతే."

నది మధ్యలో ఎందుకో ఇంజను తగ్గించేరు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన చొక్కా జేబులోంచి నెమ్మదిగా వచ్చింది. "మీ... ఊపిరి... ఒకటి... తగ్గింది."

పక్కనున్నాయన మోటారుసైకిల్ని ఇంకాస్త అవతలికి జరుపుకున్నాడు. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. "ఎవరికండీ తగ్గింది?"

"నాకేనండి," అన్నారు పెదనాన్న మర్యాదగా.

ఆ తర్వాత మా బల్ల చుట్టూ ఒక్కరు లేరు.

ఇంక లాభం లేదని నోరు తెరిచేను. "పెదనాన్నా, అది గడియారం కాదు..."

"మాట్లాడించకమ్మా," అన్నారు. "నాకు భయం లేదు. మీ పెద్దమ్మ ఒక్కతే ఈ రేవు దాటి వెళ్లొస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. అదొక్కటే లోపల గుచ్చుతోంది. వాడి ముందు ఒక పాట పాడాలి. దానికోసం దాచుకుంటున్నాను."

నేను నోరు మూసుకున్నాను. నిజం చెప్తే ఈయన ఇదే పంటులో వెనక్కి తిరుగుతారు. చెప్పకపోతే, నిజంగానే ఆ గుండెకి ఏమన్నా అయితే? ఒకటికి రెండుసార్లు చెప్పబోయేను. ప్రతిసారీ పెద్దమ్మ సంచి పట్టుకుని ఒక్కతే ఈ రేవులో నిలబడ్డం కళ్లకి కట్టింది. నరసాపురం ఒడ్డు మంచులోంచి బయటపడేదాకా ఆయన మణికట్టు మీద గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను.

మావయ్య వసారాలో పేపరు చదువుకుంటున్నాడు. పెదనాన్న గుమ్మంలోకి వెళ్లి నిలబడి, పలకరింపు గట్రా ఏం లేకుండా, ఆ పెళ్లిలో ఆగిపోయిన పాట అందుకున్నారు. గొంతు వణికింది, కానీ చివరిదాకా వెళ్లింది. మావయ్య చేతిలో పేపరు ఎప్పుడు జారిందో చూసుకోలేదు.

"కూర్చోండి బావా. ఏంటిలా వచ్చేరు?"

"టైము లేదు, జోసెఫూ. లెక్క అయిపోవచ్చింది."

అదే అదును అన్నట్టు జేబులో ఫోను కూడా ఆ మాటే చెప్పింది. మావయ్య ఆయన రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేడు. "ఆ రోజు మీరు శ్రుతి తప్పలేదు బావా. తప్పింది నేను. పదిమందిలో మిమ్మల్ని అన్నాను."

ఇద్దరూ కళ్లు తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు నేను గోడకి ఆనుకుని మొత్తం చెప్పేను. గెల, చిల్లర, జలుబు గొంతు, అద్దె నలుసు, అన్నీ.

"అంటే బావకి ఏం కాలేదా?" అన్నాడు మావయ్య.

"ఆయ్, ఏం కాలేదండి. డాక్టరుగారు కూడా బాగుందనే అన్నారు."

మావయ్య తువ్వాలుతో ముఖం శుభ్రంగా తుడుచుకున్నాడు. పేపరు తీసి మడతపెట్టేడు. "అయితే బావా, ఒక మాట. ఇందాక రెండో చరణంలో శ్రుతి తప్పేరు."

పెదనాన్న అతన్ని ఎగాదిగా చూసేరు. "హార్మోనియం పట్రా. తేల్చుకుందాం."

మధ్యాహ్నం భోజనాల దాకా తేలలేదు. కబురంది తర్వాతి పంటులో వచ్చిన మా పెద్దమ్మ, ఇద్దరూ అరుచుకోవడం వీధిలోంచే విని, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుని చాలాసేపు వింది.

ఆ గొంతుని అదే రోజు తీసేసేను. చిల్లర పేరు సంఘంవాళ్లు మార్చుకున్నారు, నన్ను ఆ మీటింగుకి పిలవలేదు. సత్యంగారికి మాత్రం ఆయన బతికే ఉన్నారని నేనే స్వయంగా వెళ్లి చెప్పాల్సొచ్చింది. "రుజువేంటి?" అన్నారాయన. పూచీకత్తుగా సువార్తమ్మగారిని కూడా తీసుకెళ్లేను.

ఆ తర్వాత నాకు పెళ్లయింది, పాప పుట్టింది. పేరేం పెడదామని మా ఆయన అడిగితే, మంచం మీదనుంచే కుడిచెయ్యెత్తి, నర్సు సాక్షిగా ప్రమాణం చేసేను. ఈ జన్మలో నేను మనిషికి గానీ, పశువుకి గానీ, పైసాకి గానీ పేరు పెట్టనని. అందుకే మా అమ్మాయికి వాళ్ల నాన్న ఒక్కడే ఆలోచించి పేరు పెట్టేడు. ఆ పేరు నాకు అస్సలు నచ్చలేదు. అయినా ఇన్నేళ్లలో అది విని జడుసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.