కొసరంటే ఎంత?

నిన్న పొద్దున దుకాణం వెనకాల ఎరువు డ్రమ్ము మూత తీస్తే వెచ్చటి ఆవిరి మొహానికి తగిలింది. దాని వెనకే తొలకరికి తడిసిన మట్టి వాసన. కుళ్లే కూరగాయల నుంచి ఇంత మంచి వాసన పుట్టించవచ్చని నాకు నేర్పింది సాబేరా మేడం. ఆవిడ అత్వెల్లి రైతుల ఇంట పుట్టి, వ్యవసాయం చదివి, షామీర్‌పేటలోని ఒక చిన్న శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేవారు. చెత్తను ఎక్కడిదక్కడే ఎరువుగా మార్చడం ఆవిడ పాఠం. మాలాంటి దుకాణదారులూ, కూరగాయలమ్మే ఆడవాళ్లూ, అపార్ట్‌మెంట్లు కట్టే ఇంజనీర్లూ ఒకే జంపఖానా మీద కూర్చుని వినేవాళ్లం. తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ల ముందు మాట.

మాది మేడ్చల్ బజారులో కిరాణా కొట్టు. బేరమాడకుండా బస్సు టికెట్ కొనడం కూడా నాకు నామోషీగా ఉండేది. శిక్షణ మూడు రోజులని మేడం చెప్పగానే నోరు ఊరుకోలేదు. "రోజున్నరకు చెయ్యరాదు మేడం? మేం జల్దీ నేర్చుకుంటం" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గట్లనే సేటూ. గా చెత్తకు గూడ చెప్పి రాండ్రి, జల్దీ కుళ్లుమని" అన్నారు. నోరు మూసుకుని మూడు రోజులూ కూర్చున్నాను. మా నాయినకైతే ఇదంతా నవ్వులాట. "వాసన నేర్చుకునేటందుకు షామీర్‌పేట దాక వోవాల్నారా? గాలి మళ్లితే జవహర్‌నగర్ చెత్తకుప్ప వాసన ఇంటికే వస్తది గద" అనేవాడు.

శిక్షణ అయ్యాక ఎవరి చోట వాళ్లు కుప్ప వేసి చూపించాలి. మా బజారు వెనక మూల ఒకటి వ్యాపారుల సంఘం ఇచ్చింది. సంఘం పెద్ద బాల్‌రెడ్డి పటేల్ ఒకే షరతు పెట్టాడు, వాసన రాకూడదని. ఈ కుప్ప నిలబడితే మేడ్చల్‌లోనే శిక్షణ పెట్టి, ఊళ్లవాళ్లందరికీ దీన్నే చూపించాలని మేడం ఆశ. చెప్పిన పద్ధతి కూడా తేలికే. "తడి చెత్త ఒక గంప పొయ్యాలె. పైన ఎండుటాకులు కొసరెయ్యాలె. గంతే." బజారువాళ్లకు కొసరంటే ఏమిటో ఒకరు చెప్పాలా? బళ్లో ఏ పాఠమూ నాకంత చక్కగా అర్థం కాలేదు.

వారం తిరక్కుండానే కుప్ప కంపు కొట్టింది. కూరగాయలు కొనేవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్క సందులోకి మళ్లుతున్నారు. పటేల్ నేరుగా నా గల్లా దగ్గరికొచ్చాడు.

"ఏంది సేటూ గిది? జవహర్‌నగర్‌ను బజారుకు తోలుకొచ్చినవా? ఐతారం అంగడికల్లా గా కుప్ప ఉండొద్దు. మీ మేడంకు గూడ చెప్పు, ఇగ గీ బజార్ల పాఠాలు వద్దని."

"పటేలా, జర పై ఐతారం దాక..."

"కంపు మీద గూడ బేరమేనా?"

కబురందగానే మేడం స్కూటీ మీద వచ్చారు. ముక్కు మూసుకోకుండా కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశారు. జిగట జిగటగా ఉంది. "ఆకులు వెయ్యలేదా?" అని అడిగారు.

"ప్రతి గంపకూ ఏసినం మేడం" అన్నాను.

మాతో శిక్షణకు వచ్చిన టమాటాల లక్ష్మమ్మకు కోపమొచ్చింది. "మస్తు ఏసినం బిడ్డా. నా సొంత అక్కకు గూడ గంత కొసరియ్య."

"గంత అంటే ఎంత? చేత్తోని చూపియ్యుండ్రి."

లక్ష్మమ్మ గుప్పిట పట్టింది. నేనూ పట్టాను. నాది ఆమె గుప్పిట కన్నా చిన్నదే. మేడం ఆ చేతులకేసి కాసేపు చూసి, బోర్లించిన గంప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు.

"యా అల్లా! మా తోట కాడికి ఎవలన్న వంకాయలకొస్తే మా అమ్మీ కొంగు నిండ పోసేది కొసరు. నేను గా కొసరు చెప్పిన. మీరు బజారు కొసరేసిండ్రు!"

"తప్పు మాదే బిడ్డా" అంది లక్ష్మమ్మ, గొంతు తగ్గించి.

"మీది గాదు అవ్వా. మాటను నేనే కొలిచియ్యలే."

ఆ మధ్యాహ్నమే కుప్పంతా తిరగేశాం. మాతో చదివిన ఇంజనీర్లలో ఒకాయన తన సైటు నుంచి ఆటోట్రాలీ నిండా ఎండుటాకులు పంపాడు. ఈసారి గంపకు గంప అన్నారు మేడం. "ముప్పాతిక గంప చాలదా?" అని నేను అడగనే అడిగాను. ఆవిడ నిండు గంప నా చేతిలో పెట్టారు.

ఐతారం పొద్దున్నే పటేల్ వచ్చి కుప్ప చుట్టూ తిరిగాడు, వంగాడు, వాసన చూశాడు. దొంగను పట్టుకోలేకపోయిన పోలీసులా మొహం పెట్టి, "ఏం వస్తలేదు" అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు. "ఎరువైనంక మా నిమ్మచెట్లకు జర..."

"ఎంత పటేలా? చేత్తోని చూపియ్యి" అన్నాను.

రెండు చేతులూ బార చాపాడు పెద్దమనిషి. మేడం చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగారు.

ఆ తర్వాత మేడ్చల్‌లో ఆవిడ ఎన్నో తరగతులు చెప్పారు. ఒక్కసారి కూడా "అర్థమైందా?" అని అడగడం నేను వినలేదు. "చూపియ్యుండ్రి" అనేవారు. తెలంగాణ వచ్చిన ఏడే వాళ్లాయనకు బదిలీ అయి నిజామాబాద్ వెళ్లిపోయారు.

ఆవిడ అలవాటు మాత్రం నాకు అంటుకుంది. ఎవరైనా "కొంచెం జీలకర్ర కట్టు సేటూ" అంటే కొంచెమంటే ఎంతో చూపించమంటాను. విసుక్కుంటూనే చూపిస్తారు. నేను అనుకున్నంతే ఎప్పుడూ ఉండదు. ఎవరి కొంచెం వాళ్లదే. ఇది మా ఆవిడకూ తెలిసిపోయింది. జల్దీ వస్తానని ఫోన్లో చెబితే, "నీ జల్దీ వద్దు, గడియారంల ముల్లు యాడుంటదో చెప్పు" అంటుంది. మారు మాట్లాడకుండా చెబుతాను. బేరమాడని చోటు నాకు అదొక్కటే.