మెట్టుగూడ చర్చిలో పైదేశం కేసు

ఆ రోజుల్లో లా చదువుతున్నానంటే చుట్టాలు "భూమి తగాదాలా, విడాకులా?" అని ఆశగా అడిగేవారు. అంతర్జాతీయ, ప్రాంతీయ పర్యావరణ చట్టాలని చెబితే జాలిగా చూసి మాట మార్చేసేవారు. రైల్వే గుమాస్తా అయిన మా నాన్నయితే "నదులొచ్చి నీ వకాలత్ మీద దస్కతు పెడ్తయా బిడ్డా?" అనేవారు. యూనివర్సిటీ మూట్ కోర్టులో, అంటే ఉత్తుత్తి కోర్టులో, గెలిస్తే ఎల్‌ఎల్‌ఎం పూర్తి చేయొచ్చన్నది ఆయన షరతు. ఓడితే మర్నాడే బ్యాంకు పరీక్షల కోచింగ్. (ఈ తీర్పు మీద ఏ అంతర్జాతీయ న్యాయస్థానానికీ అప్పీలు లేదు.)

కేసు కల్పించి ఇచ్చిందే. పైదేశపు ఫ్యాక్టరీలు నదిలోకి మురుగు వదిలితే కిందిదేశంలో చేపలు చచ్చిపోయి జాలర్లు రోడ్డున పడ్డారు. చీటీ తీస్తే నాకు పైదేశం తరఫు వాదన వచ్చింది. ఇంట్లో గొంతెత్తితే నాన్న రేడియో పెంచుతారు కనుక, మెట్టుగూడలోని మా చర్చి హాల్లో, స్త్రీల కూటం ముగిశాక సాధన చేసుకునేదాన్ని. కూటం నడిపే మా పెద్దమ్మ ఒకరోజు చెప్పులు వేసుకోబోతూ ఆగి అంతా విన్నది.

"ఏందే, గంత పరేషాన్ల ఉన్నరా? పసిపిల్లలు సుత గా నీళ్లే తాగుతున్నరా?"

"అవును పెద్దమ్మా, అందరికీ అవే," అన్నాను కాగితాల్లోంచి తలెత్తకుండా. ఆ దేశాలు ఉత్తుత్తివని చెప్పాలని నాకు తట్టనే లేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు సంఘంలోని జ్వరాలు, ఆపరేషన్ల కోసం ప్రార్థించి, చివర్లో గొంతు తగ్గించారు. "ప్రభువా, ఆ నదీతీర ప్రజలను కాపాడుము. పైదేశము వారి కఠిన హృదయములను మార్చుము. వారి పక్షమున వాదించువారి నోళ్లు మూయుము!" సంఘమంతా "ఆమెన్" అంది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మగవాళ్ల వైపు నుంచి నాన్న గొంతు కూడా గట్టిగానే వినిపించింది. (అలవాటు కొద్దీ నేనూ అనేశాను.)

పోటీ రోజున లేచి "మైలార్డ్" అన్నాక ఇంకొక్క ముక్క రాలేదు. కళ్లు తుడుచుకుంటున్న సంఘమే కళ్లముందు మెదిలింది. జడ్జిగారు కాసిని నీళ్లు తాగమన్నారు. ఆ గ్లాసు చూస్తే దుఃఖం ఇంకా పొంగుకొచ్చింది. ఓడిపోయాను.

ఇంటికొచ్చి చెబితే, గుమ్మంలో కూర్చున్న పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తింది. "స్తోత్రం! ప్రార్థన ఫలించిందే!"

ఏడుస్తూనే, ఆ దేశాలే లేవన్న అసలు సంగతి చెప్పాను. పెద్దమ్మ, "అయితే ఎవ్వలకూ తక్లీఫ్ లేదన్నట్టు. మంచిదే గద," అంది.

నాన్న మాత్రం రేడియో కట్టేశారు. "లేని నది కోసమే చర్చంతా ఏడ్సింది. ఉన్న నదుల సంగతి ఎవలో ఒకలు సూడాలె గదా. చదువుకో పో," అన్నారు.

ఇప్పుడు అదే సబ్జెక్టు పాఠం చెబుతున్నాను. ఇన్నేళ్లలో నా క్లాసులో ఏ నది కోసమూ ఎవరూ కళ్లు మూసుకోలేదు, భోజనం తర్వాతి పీరియడ్‌లో తప్ప. గడగడా వాదించే పిల్లల్ని చాలామందిని చూశాను. ఎక్కడా లేని జాలర్ల మీద జాలితో నోరు పెగలక ఓడిపోయిన లాయర్ని మాత్రం మళ్లీ చూడలేదు. ఆ పిల్లంటే నాకిప్పటికీ ముచ్చటే.